భ్రమరాంబ టీచరు తలకు ఎన్నికల కోడ్

మాదిరాజుపేట పురపాలక సంఘం ప్రాథమిక పాఠశాలలో పనిచేసే భ్రమరాంబ టీచరు తలకు రంగేసుకోవాలని నిశ్చయించుకోవడానికి కారణం ఒక ప్లాస్టిక్ కుర్చీ. వార్డు ఎన్నికల మొదటి శిక్షణ తరగతికి ఆమె వెళ్లినరోజున, పాతికేళ్లయినా నిండని గుమస్తా ఒకడు ఎదురొచ్చి, "మామ్మగారూ, మీరు నిలబడలేరు, కూర్చోండి" అని మర్యాదగా కుర్చీ వేశాడు. మిగతా టీచర్లందరూ నిలబడే ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ఆమెకంటే పెద్దవాళ్లు. భ్రమరాంబకు యాభై నాలుగేళ్లు. కుర్చీలో కూర్చుంది గానీ, బ్యాలెట్ పెట్టెకు సీలు ఎలా వెయ్యాలో చెప్పిన రెండు గంటలూ ఆమెకు ఒక్క ముక్క తలకెక్కలేదు.

రెండో శిక్షణ తరగతి సోమవారం. ఆదివారం పొద్దున్నే ఆమె పాత చీర భుజాన కప్పుకుని పెరట్లో పీట మీద కూర్చుంది. తోటి టీచరు ఒకావిడ అంటగట్టిన మూలికల పొడులు రెండు పొట్లాలున్నాయి. ఒకటో పొట్లంలో గోరింటాకు, రెండో పొట్లంలో నీలి ఆకు. మొదట గోరింటాకు పట్టించి, కడిగి, ఆ పైన నీలి ఆకు పట్టిస్తే జుట్టు కాటుకలా వస్తుందని పొట్లాల మీద రాసి ఉంది. పట్టించే పని భర్త కోటిలింగానిది. ఆయన విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాడు. ఆ ముప్పై ఏళ్లలో ఒక తీగకు కలపాల్సినదాన్ని ఇంకో తీగకు ఎన్నడూ కలపలేదు. ఆ ధీమాతోనే కళ్లద్దాలు పెట్టుకోకుండా రెండో పొట్లాన్ని ముందు కలిపాడు.

గంట తర్వాత కడిగితే తల నీలంగా కనిపించింది. పొరపాటు తెలిసింది. సరిదిద్దుదామని ఇద్దరూ కలిసి దాని మీద గోరింటాకు దట్టంగా పట్టించారు. ఈలోగా కుళాయి ఆగిపోయింది. మాదిరాజుపేటలో కుళాయి ఆగిందంటే మళ్లీ సాయంత్రం దాకా రాదు. నీళ్లు వచ్చి, తల కడిగి, తుడుచుకుని, అద్దం ముందు నిలబడిన భ్రమరాంబ ఒక అడుగు వెనక్కేసి మళ్లీ చూసుకుంది.

వంకాయ రంగు. అదీ ముదిరిన కాయ రంగు కాదు. తెల్లవారుజామున తోటలో కోసిన లేత వంకాయ మీద ఉంటుందే, ఆ నవనవలాడే రంగు. నెరసిన చోటల్లా మరీ మెరిసిపోతోంది.

"నీడలో అంతగా తెలవట్లేదే" అన్నాడు కోటిలింగం.

ఆమె కుంకుడురసంతో రుద్దింది. శనగపిండితో రుద్దింది. నిమ్మచెక్కలతో రుద్దింది. ఎంత రుద్దితే అంత నిగారింపు వచ్చింది. కిరసనాయిలు పెట్టి చూద్దామా అని కోటిలింగం అన్నాడు గానీ, ఆమె చూసిన చూపుకి ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

శిక్షణకు రాకపోతే సస్పెన్షను. కాబట్టి సోమవారం భ్రమరాంబ నూనె రాసి జుట్టు బిగించి ముడేసింది. ముడి జారకుండా పట్టేటంత పెద్ద క్లిప్పు ఇంట్లో ఒకటే ఉంది. అది ఆకుపచ్చది. దాన్ని పెట్టుకుని, నిండా కొంగు కప్పుకుని వెళ్లింది. హాల్లో అంతా సవ్యంగానే జరిగేది. కిటికీలోంచి ఒక గాలి తెర వచ్చి కొంగును ఎత్తి భుజాన పడేసింది. మూడు వందల మంది ఉపాధ్యాయులు ఒకేసారి మాట్లాడ్డం ఆపారు.

మామూలు రోజుల్లో అయితే నాలుగు నవ్వులతో పోయేది. కానీ ఆమె ఉండే పదిహేడో వార్డులో కౌన్సిలరు పదవికి ముగ్గురు నిలబడ్డారు. వాళ్లలో చలపతి అనే కాంట్రాక్టరుకు నిచ్చెన గుర్తు వచ్చింది. స్వతంత్రుడిగా నామినేషను వేసిన ఇస్త్రీబండి పిచ్చయ్యకు వంకాయ గుర్తు వచ్చింది. మూడో ఆయన నామినేషను వేసిన రోజు తర్వాత ఎవరికీ కనపడలేదు. చలపతి బావమరిది కూడా టీచరే. ఆ గాలి తెర వచ్చినప్పుడు సరిగ్గా ఆమె వెనక వరసలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాలకు లేచేసరికే ఫిర్యాదు అందింది. ప్రభుత్వోద్యోగిని అయి ఉండి, ఎన్నికల విధుల్లో ఉండి, తన శిరస్సునే ఒక అభ్యర్థి గుర్తుగా మార్చుకుని తిరుగుతోందని దాని సారాంశం.

ఫిర్యాదు చేరింది నియమావళి అమలు అధికారి త్రివిక్రమరావు గారి బల్ల మీదికి. ఆయన నిజాయితీపరుడు. పక్షపాతం ఆయన ఒంట్లో లేదు. ఎన్నికల ప్రకటన వచ్చిన మూడు రోజుల్లో ఊళ్లోని పదకొండు విగ్రహాలకూ తెల్లగుడ్డలు చుట్టించాడు. పన్నెండోదిగా చుట్టించింది విగ్రహం కాదనీ, బట్టలకొట్టు ముందు నిలబెట్టిన బొమ్మ అనీ తర్వాత తెలిసింది. అయినా, ముందుజాగ్రత్త మంచిదని దాన్నీ విప్పలేదు.

ఆయన భ్రమరాంబను పిలిపించి, కూర్చోమనకుండా, సంగతి మొదలుపెట్టాడు.

"తమ కేశములు ఏ ఉద్దేశంతో ఈ వర్ణాన్ని ధరించినవి?"

"ఉద్దేశం జుట్టుకెందుకుంటదండీ. నాకుంది. నల్లబడాలని."

"నల్లబడవలెనను ఉద్దేశముతో వంకాయ వర్ణమును పొందినట్లు సదరు ఉపాధ్యాయిని అంగీకరించినారు" అని ఆయన పైకి చదువుతూ రాసుకున్నాడు.

అంగీకరించలేదని ఆమె చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపి, రంగు నిర్ధారణ జరగనిదే ఏదీ నమ్మనన్నాడు. గుమస్తా బజారుకెళ్లి పెయింటు కొట్లోంచి రంగుల అట్ట పట్టుకొచ్చాడు. ఇద్దరు సాక్షుల ఎదుట ఆమె తలకు ఆ అట్ట ఆనించి చూశారు. కిటికీ దగ్గర నేరేడుపండు రంగుకు దగ్గరగా ఉంది. గుమ్మం దగ్గర వంకాయకు దగ్గరగా ఉంది. ఫిర్యాదుదారుడు గుమ్మం వైపు కూర్చుని ఉండెను కావున వంకాయ అని నిర్ణయించారు. అప్పుడు త్రివిక్రమరావు గారి దృష్టి క్లిప్పు మీద పడింది. ఆయన ముఖం గంభీరమైపోయింది.

"వర్ణము ఒక్కటే అయినచో యాదృచ్ఛికమని భావించవచ్చును. కాయకుండే పచ్చని ముచ్చిక కూడా ఉన్నది."

ఆకుపచ్చ క్లిప్పును స్వాధీనం చేసుకుని, కవరులో పెట్టి, సీలు వేశారు. ముడి విడిపోయిన జుట్టును చేత్తో పట్టుకుని నిలబడ్డ భ్రమరాంబకు ఆయన రెండు సంగతులు చెప్పాడు. విచారణ పూర్తయ్యేదాకా సదరు కేశములు సాక్ష్యపు సొత్తు. వాటిని కత్తిరించడం, రంగు మార్చడం, ఏ విధంగానైనా రూపుమాపడం సాక్ష్యాన్ని చెరపడం కిందికి వస్తుంది. రెండోది, ఆమెను ఎన్నికల విధుల నుంచి తక్షణం తొలగించారు.

ఆ రెండో మాట విని బయటకు వచ్చిన భ్రమరాంబ మెట్ల మీద కాసేపు ఆగిపోయింది. ఆమె బాధపడుతోందని గుమస్తా అనుకున్నాడు. నిజానికి ఆమెకు లోపల్లోపల ఏదో పొంగినట్టయింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో వచ్చిన ప్రతి ఎన్నికకూ ఆమె డ్యూటీ చేసింది. ఎప్పుడూ ఇంకో ఊరు, ఇంకో వార్డు. ఆమె ఓటు తపాలాలో రావాలి. ఒకసారి లెక్కింపు అయిపోయిన వారానికి వచ్చింది, ఒకసారి ఇంకో భ్రమరాంబకు వెళ్లింది, మిగతాసార్లు రానేలేదు. బ్యాలెట్ కాగితాన్ని ముందు నిలువునా, తర్వాత అడ్డంగా ఎలా మడవాలో వేలమందికి నేర్పింది. తన వీధి కౌన్సిలరును ఎన్నుకోవడానికి తన చేతులతో ఒక్క కాగితమూ మడవలేదు. ఆమె ఇంటి ముందు మురుగుకాలవ పన్నెండేళ్లుగా పొంగి వీధిలోకి వస్తోంది. ఈసారి తను పాఠం చెప్పే ఎదుటి బళ్లోనే బూతు. నాలుగు అడుగులేస్తే చాలు.

ఇంటికొచ్చి కోటిలింగంతో ఆ మాటే చెప్పింది. జుట్టు పోతే పోయింది, ఓటు దక్కిందని.

మర్నాడు ఉదయం పురపాలక సంఘం పనివాడు నాంచారయ్య, ఒక తెల్లగుడ్డ, ఒక తాడు, ఒక నిచ్చెనతో గుమ్మంలో నిలబడ్డాడు. విగ్రహాలకు ముసుగులేసే పని అతనిదే. ఎన్నికల గుర్తును పోలిన సకల ఆకృతులనూ తెల్లవస్త్రంతో ఆచ్ఛాదించాలనే ఉత్తర్వులో ఆమె తల పదమూడో అంశంగా చేరింది. తన తలకు తానే గుడ్డ కట్టుకుంటానని భ్రమరాంబ చెప్పింది. అధీకృత సిబ్బంది కట్టిన గుడ్డే గుడ్డ కింద లెక్క అని నాంచారయ్య నొచ్చుకుంటూ చెప్పాడు. నిచ్చెన ఎందుకంటే, ఉత్తర్వులో నిచ్చెన అని ఉంది. అతను దాన్ని గోడకు ఆనించి, రెండు మెట్లెక్కి, కిందికి వంగి కట్టడం మొదలుపెట్టాడు.

"విగ్రహాలకైతే అలవాటేనమ్మా. అయ్యి కదలవు. తమరు కూడా కాస్త ఊపిరి బిగబట్టుకుంటే తొందరగా అయిద్ది."

పొద్దున కట్టడం, సాయంత్రం విప్పడం. ఇలా రెండు రోజులు గడిచాక పిచ్చయ్య తరఫున ఉన్న ఏకైక మద్దతుదారు ఒక ఫిర్యాదు ఇచ్చాడు. రోజూ రెండుపూటలా ప్రభుత్వ ఉద్యోగి ఒకడు నిచ్చెన గుర్తును భుజాన మోస్తూ పదిహేడో వార్డంతా ఊరేగిస్తున్నాడని. త్రివిక్రమరావు గారు నిష్పక్షపాతి అని చెప్పాను గదా. ఆ సాయంత్రమే నిచ్చెనకు కూడా తెల్లగుడ్డ చుట్టించాడు. మెట్లు కనపడక నాంచారయ్య మర్నాడు జారిపడి మోకాలు కొట్టుకున్నాడు.

బళ్లో పిల్లలకు మొదటిరోజు భయమేసింది, రెండోరోజు అలవాటైంది. మూడోరోజు ఒకటో తరగతి పిల్లలిద్దరు, ఊళ్లో ముసుగేసినవన్నీ విగ్రహాలేనని, విగ్రహాలకు దండలేస్తారని ఎరిగినవాళ్లు కాబట్టి, ఒక బంతిపూలదండ తెచ్చి ఆమె మెడలో వెయ్యబోయారు.

తలకు గుడ్డ కట్టిన మనిషిని చూసి ఎవరైనా ఊరుకుంటారా? ఏమైందని అడిగారు. కోటిలింగం అబద్ధమాడలేడు. లోపల వంకాయ రంగుంది అన్నాడు. బూతులో గుర్తుల బోర్డును కన్నెత్తి చూడని వాళ్లకు కూడా వంకాయ గుర్తు సంగతి అలా తెలిసింది. అది చాలనట్టు, ఓటర్లు ప్రభావితులు కాకుండా ముందు జాగ్రత్త చర్యగా త్రివిక్రమరావు గారు ఒక ఆటోకు మైకు కట్టించి వార్డులో మూడుపూటలా చాటింపు వేయించాడు.

"పదిహేడో వార్డు ఓటరు మహాశయులకు విజ్ఞప్తి. శ్రీమతి భ్రమరాంబ గారి శిరోజములను చూచి గానీ, తలంచుకొని గానీ, వంకాయ గుర్తును జ్ఞప్తికి తెచ్చుకొనరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

అది విన్నవాళ్లు వెంటనే జ్ఞప్తికి తెచ్చుకున్నారు. పిచ్చయ్యకు సొంతంగా ఆటో కూడా లేదు.

ఈ చాటింపు వల్ల చలపతి మనుషులకు కొత్త ఆలోచన వచ్చింది. తలను కప్పినప్పుడు కాయను ఎందుకు వదిలారని అడిగారు. అడిగినదాంట్లో తర్కం ఉందని త్రివిక్రమరావు గారు ఒప్పుకున్నాడు. వార్డులో కూరగాయల బండ్లన్నిటి మీదా వంకాయలకు గోనెపట్టా కప్పాలని ఉత్తర్వు వచ్చింది. తెల్ల వంకాయలకు మినహాయింపు దొరికింది, పచ్చ చారలవాటిని ఉద్యానశాఖ అభిప్రాయం కోసం పంపారు. పట్టా కింద ఏముందని కొనేవాళ్లు అడక్కూడదు, అమ్మేవాళ్లు చెప్పకూడదు. అడక్కుండానే అందరూ అదే కొన్నారు. మాదిరాజుపేటలో గుత్తొంకాయ కూర అంత రహస్యంగా, అంత ఇష్టంగా ఎన్నడూ తినలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ గొడవలో అందరికంటే హడలిపోయినవాడు పిచ్చయ్య. ఒకనాటి సాయంత్రం అతను భ్రమరాంబ ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా ఆ వీధి బట్టలన్నీ ఇస్త్రీ చేసినవాడు. కాలవ బాగుచేయిస్తానని తప్ప ఇంకో వాగ్దానం చెయ్యనివాడు.

"అమ్మా, నేనడిగింది ఇస్త్రీపెట్టె గుర్తు. లేదన్నారు. చీటీ తీస్తే వంకాయొచ్చింది. మా ఇంటిదే నవ్వింది" అన్నాడు. "ఇప్పుడు నా బండి కాడికి జనం వొచ్చి ఫోటోలు దిగుతున్నారు. మీరూ నేనూ కలిసి ఆడిన నాటకవని ఆ చలపతి అంటన్నాడంట. నా నామినేషను తీసేస్తారేమోనమ్మా."

అతను వెళ్లిపోయాక భ్రమరాంబ కోటిలింగంతో గుండు చేయించుకుంటానంది. ఇష్టంతో అన్నమాట కాదది. యాభై నాలుగేళ్లు దువ్వి, చిక్కు తీసి, జడేసి పెంచుకున్న జుట్టు. అయినా తన తల మూలంగా ఒక పేదవాడి అవకాశం పోవడం ఆమెకు సయించలేదు. మర్నాడే వెళ్లి, గుండుకు అనుమతి ఇవ్వమని అర్జీ పెట్టింది.

త్రివిక్రమరావు గారు అర్జీని మూడుసార్లు చదివి తిరస్కరించాడు. కేశములు సాక్ష్యపు సొత్తు. పైగా గుండు అనేది మొక్కు, మొక్కు అనేది మతం, ఎన్నికల వేళ మతపరమైన చిహ్నాన్ని తలమీద ధరించి ఓటర్ల మధ్య తిరగడం ఇంకా తీవ్రమైన నేరం. పోనీ నల్లరంగు వేసుకోమంటారా అని ఆమె అడిగింది. నలుపు నిరసనకు గుర్తు, ప్రభుత్వోద్యోగి నిరసన తెలపరాదు అన్నాడు.

పోలింగుకు నాలుగు రోజులుందనగా ఆమెకు ఇంకో నోటీసు అందింది. పోలింగు కేంద్రానికి వంద మీటర్ల లోపల ఏ అభ్యర్థి గుర్తూ ఉండరాదు. సర్వేయరు వచ్చి గొలుసు పెట్టి కొలిస్తే భ్రమరాంబ ఇంటి గుమ్మం అరవై రెండు మీటర్లు, వంటిల్లు డెబ్బై ఒకటి, పెరట్లో మరుగుదొడ్డి ఎనభై నాలుగు వచ్చింది. ఇంట్లో ఏ మూల నిలబడ్డా నేరమే. అందువల్ల పోలింగు రోజు తెల్లవారకముందే ఆమె తలతో సహా వార్డు ఖాళీ చేయాలి.

నోటీసు చదివి భ్రమరాంబ కాగితాన్ని మడిచింది. ముసుగు కట్టినప్పుడు ఆమెకు కోపం రాలేదు, నిచ్చెన తెచ్చినప్పుడు రాలేదు, మైకులో పేరు చదివినప్పుడు కూడా తల దించుకుని ఊరుకుంది. ఇప్పుడు వచ్చింది. చెప్పులేసుకుని, ముసుగుతోనే, ఎండలో నడిచి ఆఫీసుకు వెళ్లింది. ఈసారి ఆయన చెప్పకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా ఓటు సంగతేంటండీ?"

ఓటు హక్కు పవిత్రమైనదనీ, దాన్ని కాపాడడానికే తాను ఉన్నాననీ త్రివిక్రమరావు గారు సుదీర్ఘంగా చెప్పాడు. ఆమె విని, మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

"అమ్మా, ఓటరు జాబితాలో తమరున్నారు. తమ కేశములు లేవు" అన్నాడాయన.

"అయితే నన్ను రానిచ్చి, వాటిని ఆపండి."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు నవ్వి ఉండేవాళ్లు, లేదా మండిపడి ఉండేవాళ్లు. త్రివిక్రమరావు గారు మాత్రం కలం కింద పెట్టి ఆలోచించాడు. భ్రమరాంబ సంచిలోంచి పోలింగు సిబ్బందికి ఇచ్చే చేతిపుస్తకం తీసింది. ఇరవై ఆరేళ్లుగా కొత్తవాళ్లకు ఆమె చదివి వినిపించిన పుస్తకమే. జాబితాలో పేరుండి, గుర్తింపు చూపిన ఏ ఓటరునూ వెనక్కు పంపరాదని ఉన్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఒంటి మీద గుర్తు ఉన్నవాళ్లను గురించి అదే పుస్తకం ఏం చెబుతుందో కూడా చూపించింది. కప్పుకుని రమ్మని చెప్పాలి, అంతే. అచ్చులో ఉన్నదాని పట్ల త్రివిక్రమరావు గారికి గొప్ప గౌరవం. ఆయన రెండు రోజులు ఫైళ్లు తిరగేసి, పై అధికారులకు నాలుగు పేజీల లేఖ రాసి, వాళ్ల దగ్గర్నుంచి "నిబంధనల ప్రకారం చూడండి" అన్న ఒక్క వాక్యపు జవాబు తెప్పించుకుని, చివరికి ఒక పద్ధతి కనిపెట్టాడు.

ఆ పద్ధతి ఇది. పోలింగు రోజు ఆమె పక్క వార్డులో ఉండాలి. సాయంత్రం నాలుగింటికి, రద్దీ తగ్గాక, వంద మీటర్ల గీత దగ్గరికి రావాలి. అక్కడ బ్యాలెట్ పెట్టెకు వేసినట్టే ఆమె తలకు సీలు వేస్తారు. గుడ్డ, గుడ్డ మీద పురికొస, పురికొస ముడి మీద లక్క, లక్క పక్కన కాగితపు పట్టీ, దాని మీద అభ్యర్థుల ఏజెంట్ల సంతకాలు. ఆ తర్వాత ఇద్దరు పోలీసుల మధ్య లోపలికి వెళ్లి ఓటు వేసి రావచ్చు.

కోటిలింగం వద్దన్నాడు. ఇంత అవమానం పడి వెయ్యకపోతే మాత్రం కొంప మునిగేదేముందన్నాడు. భ్రమరాంబ వినలేదు. ఆ రోజు పట్టుచీర కట్టుకుంది. పక్కవార్డులో ఆడపడుచు ఇంట్లో అన్నం తిని, నాలుగింటికి గీత దగ్గరికి వచ్చి నిలబడింది. చుట్టుపక్కల మేడల మీద జనం నిండిపోయారు. లక్క కరిగించి వేస్తుంటే వేడి చెవికి తగిలింది. ఆమె కదల్లేదు. చలపతి ఏజెంటు సంతకం చేశాడు. పిచ్చయ్య ఏజెంటు, అదే ఆ ఏకైక మద్దతుదారు, దాని కిందే సంతకం చేశాడు. చప్పట్లు కొట్టవద్దని, కొడితే వంకాయకు కొట్టినట్టే భావించవలసి వస్తుందని త్రివిక్రమరావు గారు మైకులో హెచ్చరించాడు. అందరూ నిశ్శబ్దంగా చూస్తుండగా ఆమె తను రోజూ పాఠం చెప్పే గదిలోకి ఓటరుగా అడుగుపెట్టింది.

బల్ల వెనక సుహాసిని అనే చిన్న వయసు టీచరు ఉంది. భ్రమరాంబ దగ్గర శిక్షణ పొందిన పిల్లే. ఆమె చీటీ తీసుకుని, జాబితాలో వేలు పెట్టి కిందికి వెతికి, ఒకచోట ఆగిపోయింది. తలెత్తి చూసి, మళ్లీ జాబితా చూసింది.

"మేడమ్, మీ ఓటు పడిపోయిందండీ."

భ్రమరాంబకు అర్థం కాలేదు.

"పొద్దున తొమ్మిదింటికి ఎవరో వచ్చి మీ పేరు మీద వేసి వెళ్లారు. నేను పక్క వార్డునుంచి మధ్యాహ్నమే ఈ బూతుకు మారానండీ. లేకపోతే గుర్తుపట్టేదాన్ని."

వెనకే వచ్చిన త్రివిక్రమరావు గారు ముందుకు జరిగి, ఇది చాలా తీవ్రమైన విషయమనీ, పొద్దున వచ్చిన వ్యక్తిని ఏజెంట్లు ఎందుకు అభ్యంతరపెట్టలేదనీ అడిగాడు. చలపతి ఏజెంటు లేచి, పిచ్చయ్య ఏజెంటు అప్పటికి ఇంకా రాలేదనీ, ఆవిడ చీటీ తెచ్చిందనీ, అభ్యంతరం చెప్పడానికి ఆవిడలో ఏమీ కనపడలేదనీ అన్నాడు.

"ఆమె కేశములు ఏ వర్ణములో ఉన్నవి?"

"నల్లగా ఉన్నయ్యండీ. ఒత్తుగా జడేసుకొచ్చింది."

"నలుపు" అని త్రివిక్రమరావు గారు రాసుకున్నాడు. ఆయన ముఖంలో ఆందోళన తగ్గి స్పష్టంగా ఊరట కనిపించింది. "అనగా నియమావళి ఉల్లంఘన ఏదీ జరగలేదు."

సుహాసిని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భ్రమరాంబ మాత్రం బల్ల మీద రెండు చేతులూ ఆనించి, పిల్లలకు లెక్క విప్పి చెప్పే గొంతుతో, టెండర్డ్ ఓటు ఇవ్వమని అడిగింది. ఒకరి పేరున ఇంకొకరు ముందే వేసి వెళ్లిపోతే అసలు మనిషికి ఇచ్చే కాగితం అది. దాన్ని పెట్టెలో వెయ్యరు. విడిగా కవరులో పెట్టి సీలు వేస్తారు. లెక్కింపులో కలపరు. కోర్టు అడిగితే తప్ప దాన్ని ఎవరూ తెరవరు. ఆ సంగతి ఆ గదిలో అందరికంటే భ్రమరాంబకే బాగా తెలుసు.

కాగితం ఇచ్చే ముందు సుహాసిని ఆమె ఎడమచేతి చూపుడువేలికి చెరగని సిరా గీత పెట్టింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ తడి గీత మెరిసింది. భ్రమరాంబ దాన్ని చూసుకుని, వేలు త్రివిక్రమరావు గారి వైపు చాపింది.

"ఇదేం రంగంటారండీ?"

ఆయన వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత నెమ్మదిగా తలతిప్పి, పొద్దుట్నుంచీ అదే గీత వేలి మీద పెట్టుకుని వార్డులోకి వెళ్లిపోయిన వెయ్యీ నూట నలభై మంది పేర్లున్న జాబితా వైపు చూశాడు. కుర్చీ ఎవరు తెచ్చారో గానీ, అందులో కూర్చుండిపోయాడు.

భ్రమరాంబ అట్టల చాటుకు వెళ్లింది. ముద్ర వేసింది. ముందు నిలువునా, తర్వాత అడ్డంగా మడిచి, అంచులు గోటితో నొక్కి, తెచ్చి సుహాసిని చేతికి ఇచ్చింది. అది కవరులోకి పోయింది.

మూడు రోజుల తర్వాత లెక్కింపులో పిచ్చయ్య నాలుగు వందల పైచిలుకు ఓట్లతో గెలిచాడు. పది రోజులపాటు ఆ వార్డు చెవుల్లో వంకాయ తప్ప ఇంకో మాట పడలేదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎన్నికలను నిష్పాక్షికంగా నడిపించినందుకు త్రివిక్రమరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. భ్రమరాంబ మీద విచారణ ఇంకా నడుస్తోంది.

పోలింగు సాయంత్రం మాత్రం, ఇంటికొచ్చాక, కోటిలింగం కత్తెరతో పురికొస తెంపి, లక్క పెచ్చులు జాగ్రత్తగా ఏరి, గుడ్డ విప్పి, ఆమె తల నిమిరాడు. తర్వాత మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంతకీ ఎవరికేశావే?"

"అది చెప్పకూడదండీ."

"ఎట్టాగూ దాన్ని లెక్కపెట్టరు గదా."

భ్రమరాంబ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"లెక్కపెట్టకపోయినా రహస్యం రహస్యమే" అంది.